నాలుగు దీవులు, రెండు గదులు

ఫిబ్రవరి 2, సోమవారం

ఏడు రోజులు. నాలుగు దీవులు. ఒక ఓడ.

తెచ్చింది లిఫ్టాయన. ట్రావెల్స్ ఆఫీసున్న భవనంలో లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్ళి, అక్కడి కౌంటరు మీదున్న రంగుల పుస్తకం పట్టుకొచ్చి, మా ఆసుపత్రి క్యాంటీన్‌లో నా టీ కప్పు పక్కన పెట్టారు. ఊరికే చూడండి అన్నారు. నేనూ ఊరికే చూశాను. లోపలి పేజీల్లో నీళ్ళు ఎంత నీలంగా ఉన్నాయంటే, నా టీ చల్లారిపోయిన సంగతి ఆయన చెబితేగానీ తెలియలేదు.

ఈయన్ని నేను ముఖం కన్నా ముందు ఎముకల్లో చూశాను. రెండేళ్ళ కిందట వేలు విరగ్గొట్టుకుని నేను ఎక్స్‌రేలు తీసే గదికి వచ్చారు. చెయ్యి కదల్చకండి అంటే ఊపిరి కూడా తియ్యడం మానేశారు, అంత బుద్ధిమంతుడు. అప్పట్నించీ మా ఆసుపత్రి లిఫ్టుని నెలకోసారి చూడాల్సింది వారానికోసారి చూస్తున్నారు. లిఫ్టు బాగా పాతబడిపోయిందట. పాతబడే ఉంటుంది.

నేను ఎక్కడికీ వెళ్ళను. నలభై తొమ్మిదేళ్ళు నిండాయి, ఈత రాదు, బస్సులో గంట కూర్చుంటే కడుపులో తిప్పుతుంది. ఊరికే చూశానంతే. పదకొండు సార్లు.

ఫిబ్రవరి 3, మంగళవారం

పన్నెండు.

ఫిబ్రవరి 7, శనివారం

ఓడలు రెండున్నాయి. పెద్దది ఊరంత ఉంది. మూడు వేల మంది జనం, నీళ్ళ జారుడుబల్లలు, పద్నాలుగు లిఫ్టులు. చిన్నది అయిదంతస్తులే, నాలుగు వందల మందికి ఒకే ఒక్క లిఫ్టు. కానీ పెద్దది మూడు దీవుల దగ్గరే ఆగుతుంది. చిన్నది నాలుగింటికి పోతుంది. తాబేళ్ళు గుడ్లు పెట్టే దీవి, నల్ల ఇసుక దీవి, ఒక దీపస్తంభం తప్ప ఇంకేమీ లేని దీవి, ఇంకో దీవి. ఆ ఇంకోదాని గురించి పుస్తకంలో "విశ్రాంతి" అన్న ఒక్క మాట తప్ప ఏమీ లేదు. నాకు అన్నిటికన్నా అదే నచ్చింది.

లిఫ్టాయన మనసంతా పద్నాలుగు లిఫ్టుల మీదే ఉంది. ఓడ ఒక పక్కకి ఒరిగితే లిఫ్టు గోడకి రాసుకోకుండా ఎలా దిగుతుందని వారం రోజులుగా ఆలోచిస్తున్నారట. పేపర్ నాప్‌కిన్ మీద బొమ్మ వేసి మరీ చూపించారు. ఒక తాడు చాలే చోట ఆరు తాళ్ళు కట్టే మనిషి, ఏ విషయమూ తొందరగా తేల్చరు. నాకు తాబేళ్ళని చూడాలని ఉందని అన్నాను. వెంటనే నాప్‌కిన్ మడిచి జేబులో పెట్టుకుని, "నాకూ తాబేళ్ళే" అన్నారు. అలా చిన్న ఓడ ఖాయమైంది.

ఖాయమంటే ఖాయం కాదు. వెళ్తే గిళ్తే అని. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నల్ల ఇసుక మీద ఏ చెప్పులు వేసుకోవాలన్న దాని మీద అరగంట మాట్లాడుకున్నాం. ఎండకి కాలుతుంది కాబట్టి మూసి ఉండేవి అని ఆయన, ఇసుక దూరితే రాదు కాబట్టి తెరిచి ఉండేవి అని నేను. చివరికి చెరో రెండు జతలు.

ఫిబ్రవరి 10, మంగళవారం

మా పిల్ల పట్టేసింది. పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక దాచి, నేనే దాన్ని అన్నం వండమని పురమాయించాను. నా తెలివికి నాకే దండం పెట్టాలి.

అమ్మా ఓడెక్కుతున్నావా, ఎవరితో అని అడిగింది. క్షణం కూడా ఆలోచించకుండా హెడ్ సిస్టర్‌తో అనేశాను. హెడ్ సిస్టర్‌కీ నాకూ మధ్య పదేళ్ళలో నడిచిన మాటలు రెండే. "పేషెంట్‌ని పంపనా", "పంపండి". పిల్ల ఒకటే సంబరపడిపోయింది. నాన్న పోయాక పద్దెనిమిదేళ్ళలో నువ్వు ఒక్కసారైనా ఊరు కదిలావా, ఇప్పటికైనా మంచి స్నేహితురాలు దొరికింది అని నన్ను కావలించుకుంది. ఆవిడ సరదా మనిషేనా అంటే చాలా అన్నాను. ఈత వచ్చా అంటే రాదు, కానీ లిఫ్టుల గురించి బాగా తెలుసు అన్నాను. అలా ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి.

ఇదేం అబద్ధం కాదు. ఇద్దరు స్నేహితులం కలిసి వెళ్తున్న మాట నిజమే కదా. పేరొక్కటే మార్చాను. అయిదేళ్ళప్పుడు తండ్రి పోయిన పిల్లని లేనిపోని ఆలోచనల్లో పడెయ్యడం దేనికి. లేనిపోనివే. ఉంటే చెప్పనా?

ఫిబ్రవరి 18, బుధవారం

ఈ రోజు నాకు సెలవు. ట్రావెల్స్‌కి వెళ్ళాం.

ఆయన తెల్లచొక్కా వేసుకొచ్చారు. చేతులకి గ్రీజు మరక ఒక్కటి లేదు. ఎంతసేపు తోముకున్నారో, వేళ్ళ కణుపులు ఎర్రగా కందిపోయాయి. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను.

కౌంటరు వెనకున్న అమ్మాయి చలాకీది. ఓడ బొమ్మ తెరిచి పెన్నుతో గదులు చూపించింది. మే తొమ్మిదిన బయల్దేరడం. వసారా ఉన్న గదులు, కిటికీ ఉన్న గదులు, ఏమీ లేని లోపలి గదులు. ఆయన లైఫ్ జాకెట్లు ఎక్కడ పెడతారని అడుగుతూ ఎంతకీ వదలకపోతే, ఆపడానికి నేను "ఏమండీ" అని పిలిచాను. అంతే. రెండేళ్ళుగా ఒళ్ళు దగ్గర పెట్టుకుని "ఇదిగోండి" అనీ "చూడండి" అనీ నెట్టుకొస్తున్నాను. సరిగ్గా అక్కడే నోరు జారాలా. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అమ్మాయి పెన్ను కింద పెట్టి, "అయితే సార్‌కీ మేడమ్‌కీ ఒకటే గది కదా" అంది.

ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తూ ఆవిడ ఇష్టం అన్నారు. నేను నా హ్యాండ్‌బ్యాగ్ జిప్పు చూస్తూ ఆయన ఇష్టం అన్నాను. అమ్మాయి ఇద్దరి వంకా చూసింది. మళ్ళీ ఆవిడ ఇష్టమే అన్నారు. ఎవరో ఒకరు అనాలి కదా.

రెండు అన్నాను.

రెండో అంతస్తులో పక్కపక్కన రెండు గదులు. డబ్బు పూర్తిగా కట్టడానికి మార్చి పద్నాలుగు ఆఖరు. ఆ తరవాత ఏ మార్పూ కుదరదట. వెళ్తున్నాం. నిజంగా వెళ్తున్నాం. దారంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఫిబ్రవరి 19, గురువారం

రెండు అనడమే సరైనది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

సరైనదే. స్నేహితులకి ఎవరి గది వాళ్ళకి ఉంటేనే మర్యాద.

ఫిబ్రవరి 22, ఆదివారం

పిల్ల నన్ను బట్టల దుకాణానికి లాక్కెళ్ళింది. ఈత బట్టలు. ట్రయల్ గదిలో అద్దం మూడు వైపులా ఉంది, మనిషి అన్నాక ఒక వైపు చూసుకోవడమే కష్టం. ఒక దాంట్లో దూరాక బయటికి రావడం ఎలాగో తెలియలేదు. పిల్ల తలుపు కిందనుంచి సలహాలు చెప్పింది, పక్క గదిలో ఉన్నావిడ కూడా చెప్పింది. ముగ్గురం కలిసి నన్ను బయటికి తీశాం. చివరికి మోకాళ్ళ దాకా ఉండే నీలం రంగుది కొన్నాం. అంత నవ్వి ఎన్నాళ్ళయిందో.

వెడల్పాటి టోపీ కూడా కొన్నాను. టోపీ పెట్టుకునే ఇల్లంతా ఊడ్చాను.

కడుపులో తిప్పకుండా మణికట్టుకి కట్టుకునే పట్టీలు ఉంటాయట, పిల్ల రెండు జతలు తీసుకుంది. ఒకటి నాకు. ఇంకోటి హెడ్ సిస్టర్‌కట. అమ్మని జాగ్రత్తగా చూసుకోమని చీటీ కూడా రాసి పెట్టింది. నేనిచ్చేస్తాలే అన్నాను. కాదు, నేనే ఇచ్చి థాంక్స్ చెబుతానంది. మరిచిపోతుందిలే.

ఫిబ్రవరి 26, గురువారం

ట్రావెల్స్‌కి ఫోన్ చేశాను.

ఇద్దరం ఒకటే గది తీసుకుంటే వసారా ఉన్నది వస్తుంది. పొద్దున్నే కుర్చీలో కూర్చుని కడుపులో చల్ల కదలకుండా సముద్రం చూసుకోవచ్చు. మంచాలు ఎలాగూ రెండుంటాయి. ఇది వసారా కోసం. పొద్దున్నించీ నలుగురు పేషెంట్ల ఛాతీలు తీస్తూ మనసులో ఈ మాటలే వల్లించాను. ఒకాయన్ని ఊపిరి బిగబట్టమని, వదలమనడం మరిచిపోయాను పాపం.

అమ్మాయితో గబగబా చెప్పేశాను. వసారా కోసమే అని మూడుసార్లు అన్నాను. "మార్చేశాను మేడమ్" అంది.

రేపు టీ దగ్గర ఆయనకి చెప్పాలి.

ఫిబ్రవరి 27, శుక్రవారం

క్యాంటీన్‌లో జనం ఎక్కువ. సోమవారం చెబుతాను.

మార్చి 2, సోమవారం

గొంతు బాగాలేదు.

మార్చి 3, మంగళవారం

ట్రావెల్స్ అమ్మాయి ఫోన్ చేసింది. పొద్దున సార్ వచ్చారట. ఒకటే గది ఉండడం చూసి మళ్ళీ రెండు చేయించారట. పక్కపక్కన కూడా కాదు. నాకు అయిదో అంతస్తులో వసారా గది, ఆయనకి రెండో అంతస్తులో. మేడమ్‌కి ఏ ఇబ్బందీ కలగకూడదన్నారట.

మంచిదే. నాకు వసారా కావాలి, వసారా వచ్చింది.

ఆరుగురు పేషెంట్లే ఈ రోజు. పని తొందరగా అయిపోయింది. ఎక్స్‌రే సోకకుండా వేసుకునే సీసం ఏప్రన్లు నాలుగూ తుడిచి తగిలించాను. మళ్ళీ తీసి మళ్ళీ తుడిచాను. మంచిదే అయింది.

పిల్ల అన్నం దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. ఆఫీసులో పని ఎక్కువైనట్టుంది.

మార్చి 5, గురువారం

లిఫ్టాయన టీ కప్పు తిప్పుతూ, ట్రావెల్స్ వాళ్ళు ఒక పొరపాటు చేశారని చెప్పారు. గదులు రెండయితే ఒకటని రాసుకున్నారట. నేను వెళ్ళి చూశాను కాబట్టి సరిపోయింది అన్నారు. నా వైపు చూడలేదు.

నేనేమన్నాను? థాంక్సండీ అన్నాను. మీరు చూడకపోతే ఎంత గొడవ అయ్యేదో అని కూడా అన్నాను. తేలు కుట్టిన దొంగ కూడా నాకన్నా నయం, కనీసం నోరు మూసుకుని ఊరుకుంటాడు.

ఆయనకి ఇష్టం లేదు. ఇది తెలుసుకోవడానికి ఓడా, దీవులూ, టోపీ, ఇంత హంగామా కావలసి వచ్చింది. ఇష్టం లేకపోవడంలో తప్పేముంది. స్నేహితులం. నేనూ అదే కదా అనుకున్నది. మరి రెండు రోజులుగా అన్నం ఎందుకు సహించడం లేదు?

పిల్ల ఇంకా మాట్లాడడం లేదు.

మార్చి 8, ఆదివారం

పిల్ల పట్టీలు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళిందట. మంగళవారమే. హెడ్ సిస్టర్‌కి ఇచ్చి థాంక్స్ చెబితే, ఆవిడ చీటీ చదువుకుని, ఏ ఓడమ్మా అని అడిగిందట. అయిదు రోజులు కడుపులో పెట్టుకుని, ఈ రోజు బట్టలు మడతపెడుతూ అడిగింది.

"లిఫ్టాయనేగా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ లిఫ్టాయన అన్నాను. దుప్పటి మడతపెట్టడం ఆపి నా వంక చూసింది. ఇక కుదరలేదు, అవునన్నాను.

"హెడ్ సిస్టర్‌కి లిఫ్టుల గురించి తెలుసన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. లిఫ్టాయన కబుర్లు రెండేళ్ళుగా వింటున్నానుగా. నాకు చెప్తే ఏమయ్యేదమ్మా? నేను అడ్డం పడతాననుకున్నావా?"

దాని కళ్ళల్లో నీళ్ళు. నిజమే, అదే అనుకున్నాను. నా కూతురు నన్ను తక్కువగా చూస్తుందని భయపడ్డాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఈ పుస్తకంలో కూడా అబద్ధాలు రాసుకుంటూ వచ్చాను. క్షమించమన్నాను. ఆ తరవాత ఇక ఆగలేక మొత్తం చెప్పేశాను. రెండు గదులు అన్నది నేను, ఒకటి చేసింది నేను, మళ్ళీ రెండు చేసింది ఆయన, దానికి థాంక్స్ చెప్పింది కూడా నేనే.

ఏడుస్తున్న పిల్ల ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. దుప్పటిలో మొహం పెట్టుకుని మరీ నవ్వింది. థాంక్స్ చెప్పావా, నిజంగానే చెప్పావా అని రెండుసార్లు అడిగింది. నవ్వు ఆగాక మంచం మీద నా పక్కన కూర్చుంది.

"ఆయనకి ఇష్టం లేదని ఆయన చెప్పాడా?"

"చెప్పలేదు."

"నీకు ఇష్టమని నువ్వు చెప్పావా?"

"లేదు."

"మరి ఇద్దరూ కలిసి ట్రావెల్స్ వాళ్ళ ప్రాణం ఎందుకు తీస్తున్నారు?"

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, నువ్వు రోజూ తుడిచే నాన్న ఫోటో ఆ వారం రోజులూ నేను తుడుస్తాలే, దాని గురించి ఆలోచించకు అంది. తలుపు దగ్గరికి వేసుకుని కాసేపు ఏడ్చాను. ఎంత హాయిగా ఉందో.

మార్చి 12, గురువారం

లిఫ్టాయన టీకి రాలేదు. బస్టాండు వెనక ఏడంతస్తుల భవనంలో పాత తాళ్ళు మారుస్తున్నారట, శనివారం దాకా అక్కడే. శనివారమే పద్నాలుగు. నా డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి అయిపోతుంది.

చెబుతాను. ఫోన్‌లో కాదు. ఫోన్‌లో అయితే నేను మళ్ళీ వసారా గురించి మాట్లాడతాను.

మార్చి 14, శనివారం

అంతా వరసగా రాస్తాను.

ఆ భవనంలో లిఫ్టు ఎలా ఉంటుంది, ఆయన విప్పదీసి కూర్చుంటేనూ. ఏడంతస్తులు మెట్లెక్కాను. నాలుగో అంతస్తులో కూర్చుని, నాకిది అవసరమా అనుకున్నాను. అయిదో అంతస్తులో ఎవరో ముసలాయన కుర్చీ వేసి కూర్చోమన్నారు. కూర్చోలేదు. కూర్చుంటే దిగిపోతానని భయం.

మిద్దె మీద చిన్న గది, అందులో మోటారు. ఆయన చక్రం పక్కన కింద కూర్చుని తాళ్ళకి నూనె రాస్తున్నారు. నన్ను చూసి కంగారుగా లేచి నించున్నారు. ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగారు. ఎవరికీ ఏమీ కాలేదన్నాను. అంతవరకే ఊపిరి ఉంది. మిగతాది తలుపు పట్టుకుని చెప్పాను.

"ఆ గది విషయం పొరపాటు కాదు. నేనే ఒకటి చేయించాను."

"తెలుసండీ."

"తెలుసా?"

"మేడమే ఫోన్ చేసి మార్చుకున్నారని ఆ అమ్మాయి అప్పుడే చెప్పింది."

తెలిసి చేశారన్న మాట. మెట్లు దిగిపోవాలనిపించింది, కానీ తలుపు వదల్లేదు. మరి ఎందుకు అని మాత్రం అడిగాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టారు. తుడిచిందే తుడుస్తున్నారు. పన్నెండేళ్ళ కిందట ఒక లిఫ్టు గుంటలో రెండంతస్తులు జారి పడి, మధ్యలో ఒక కడ్డీ పట్టుకుని గంటసేపు వేలాడారట. ఎంత అరిచినా ఎవరూ వినలేదట ఆ గంటా. అప్పట్నించీ నిద్రలో కేకలు పెడతారట. రోజూ కాదు, కానీ పెడితే పక్కింటివాళ్ళు గోడ బాదుతారు. ఇల్లు మూడుసార్లు మారారు. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే చేతిలో పని ఉందని తప్పించుకునేవారట.

"మీరు ఆ కేకలు వింటే మళ్ళీ నాతో టీ తాగడానికి కూడా రారనుకున్నాను. అందుకే వినపడనంత దూరంలో పెట్టించాను."

రెండో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య దూరాన్ని నేను పది రోజులు నా మీద అయిష్టమనుకుని మోశాను. ఆయనేమో కేక ఎంత దూరం పోతుందో లెక్కగట్టి మరీ తీసుకున్నారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో గుర్తులేదు.

"ఎంత గట్టిగా అరుస్తారు?" అని అడిగాను.

ఆయన నిజంగానే ఆలోచించారు. "మూడో ఇంటికి వినపడుతుంది."

రోజుకి ఇరవై మంది నా గదిలో అరుస్తారు, విరిగిన చెయ్యి తిప్పమంటే మరి అరవరా అన్నాను. ఓడలో పక్కవాళ్ళు గోడ బాదితే నేను లేచి వాళ్ళతో మాట్లాడతానన్నాను. ఇంకా చెప్పాల్సింది ఉంది. మొహం పక్కకి తిప్పుకోకుండా చెప్పాను.

"మీరంటే నాకు ఇష్టం. వసారా కోసం కాదు."

ఆయన గుడ్డ కింద పెట్టేశారు. గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని, "నాకు రెండేళ్ళ నించీ" అన్నారు. తాళ్ళు బిగించడం పూర్తి చేసేదాకా నేను ఆ గడప మీదే కూర్చున్నాను. తొందరపెట్టలేదు. ఆ లిఫ్టులో జనం ఎక్కాలి కదా. పూర్తయ్యాక అందులో మొదట మేమిద్దరమే దిగాం. ఏడంతస్తులూ ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకుంటూనే ఉన్నాం.

ట్రావెల్స్ మూసేయడానికి ఇరవై నిమిషాలుంది. ముందు ముగ్గురు వరసలో ఉన్నారు. ఆయన చొక్కాకి నూనె, నా జుట్టుకి సాలెగూడు. అమ్మాయి మమ్మల్ని చూడగానే పెన్ను కింద పెట్టేసింది. మార్చాలమ్మా అన్నాను. మళ్ళీనా అనలేదు గానీ, ఆ మాట దాని మొహమ్మీద కనిపించింది.

నా పేరున ఉన్న వసారా గది ఒక్కరికే అట. ఇద్దరు పట్టేవి అన్నీ అయిపోయాయి. ఉన్నదల్లా ఒకటే. అడుగున, మొదటి అంతస్తులో, లోపలి గది. వసారా లేదు, కిటికీ కూడా లేదు. పొద్దున లేస్తే పగలో రాత్రో తెలియదు, సముద్రం చుక్క కనపడదు, మూడు నెలలుగా ఎవరూ తీసుకోని గది మేడమ్ అంది. ఉన్న రెండు మంచి గదులూ వదులుకుని అదా, బాగా ఆలోచించుకున్నారా అని నన్ను అడిగింది, ఆయన్ని అడిగింది, మళ్ళీ నన్ను అడిగింది. పైకెక్కితే ఎంత సముద్రం కావాలంటే అంత ఉంటుంది కదా అన్నాను.

అప్పుడు ఆయన, లైఫ్ జాకెట్ల గురించి తప్ప ఆ ఆఫీసులో పెదవి విప్పని మనిషి, వరసలో ఉన్న ముగ్గురికీ వినపడేటట్టు చెప్పారు.

"ఒకటే గది రాయండమ్మా. నేను నిద్రలో అరుస్తాను. ఈవిడకి తెలుసు."

అమ్మాయి అలాగే సార్ అని, ఆ మాట కూడా ఫారంలో ఎక్కడో రాసుకున్నట్టుంది. రాసుకోనీ.